నాన్న పోయాక అమ్మ పింఛను: ముందు ఏం చెయ్యాలి, దేని జోలికి వెళ్లకూడదు

మా బాబాయి పోయింది నెల 22న. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛన్లు పంచడానికి వచ్చిన సచివాలయం అమ్మాయి, సంగతి తెలియక, గుమ్మం దగ్గర నిలబడి ఎప్పటిలాగే ఆయన పేరు పెట్టి పిలిచింది. పిన్ని లోపల్నుంచి వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఆ అమ్మాయికి అర్థమైంది. చేతిలో లెక్కపెట్టి పట్టుకున్న ఎనిమిది 500 నోట్లూ మళ్లీ సంచిలో పెట్టేసుకుని, "డెత్ సర్టిఫికెట్ తెప్పించండమ్మా, మీ పేరు మీద పెడతాం" అని చెప్పి పక్కింటికి వెళ్లింది. పిన్నికి ఆ మాట చెవికెక్కలేదు. నోట్లు సంచిలోకి వెళ్లిపోవడం ఒక్కటే చూసింది. "ఆయనతో పాటే అదీ పోయిందిరా" అంది సాయంత్రం నాతో.

పోలేదు. కానీ పోయే అవకాశం ఆ తర్వాత వారం రోజుల్లో నిజంగానే వచ్చింది, అదీ ప్రభుత్వం వల్ల కాదు, అమ్మ మీద ప్రేమతో మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, చెయ్యబోయిన ఒక పని వల్ల. అది చూశాకే ఇది రాయాలనిపించింది. ఎందుకంటే ఇలాంటి పని మన ఇళ్లల్లో చాలామంది చేస్తున్నారు, చేశాక ఆరు నెలలకి "పింఛను ఎందుకు ఆగిందో తెలియడం లేదు" అని తిరుగుతున్నారు.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛనైనా, తెలంగాణలో ఆసరా పింఛనైనా (ఇప్పుడు చేయూత అంటున్నారు) మనిషిని ఒక్కణ్నీ చూసి ఇచ్చేవి కావు, ఇంటిని చూసి ఇచ్చేవి. ఇంటికి సాధారణంగా ఒకటే పింఛను, దివ్యాంగులకూ కిడ్నీ జబ్బుల్లాంటివి ఉన్నవాళ్లకూ ఇచ్చేవి మినహాయింపు. అందుకే 60 దాటిన దంపతులున్న చాలా ఇళ్లల్లో పింఛను ఆయన పేరు మీదే ఉంటుంది, ఆవిడకి వయసు వచ్చినా అసలు దరఖాస్తే పెట్టి ఉండరు. ఆయన పోయిన రోజున ఇంటికి వచ్చే ఆ డబ్బు ఆగిపోతుంది, దాంతో పాటు ఇంటి లెక్క కూడా మారుతుంది: రేషన్ కార్డులో ఒక పేరు తగ్గుతుంది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉండాలన్న ప్రశ్న వస్తుంది, పొలం పాసుపుస్తకం మారాలి, అమ్మ ఎక్కడ ఉండాలన్నది తేలాలి. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం.

ముందు డెత్ సర్టిఫికెట్, అందులో పేరు

పదకొండో రోజు అయ్యేదాకా ఆఫీసుల మొహం చూడబుద్ధి కాదు, అది సహజమే. కానీ మరణం నమోదుకి 21 రోజులు గడువు, ఆలోపు చెబితే పైసా కట్టక్కర్లేదు. 21 దాటి 30 రోజుల్లోపైతే కాస్త ఆలస్య రుసుము. 30 దాటి ఏడాదిలోపైతే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి. కాబట్టి ఇంట్లో ఒకరు, దుఃఖం నుంచి కాస్త తేరుకున్నవాళ్లు, అల్లుడో అన్న కొడుకో, ఈ ఒక్క పని నెత్తిన వేసుకోండి.

ఎక్కడ నమోదు చెయ్యాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. మనిషిది ఏ ఊరైనా సరే, చనిపోయిన చోటే నమోదవుతుంది. ఊళ్లో ఇంట్లో పోతే పంచాయతీలో, పట్నం ఆసుపత్రిలో పోతే ఆ పట్నం మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్‌లో. ఊరి పంచాయతీ చుట్టూ పదిసార్లు తిరిగి, "ఇక్కడ కాదండీ" అనిపించుకుని, మళ్లీ పట్నం వెళ్లిన కుటుంబాలు నాకు తెలుసు.

ఆసుపత్రిలో పోయినప్పుడు ఇంకొకటి. అక్కడ ఫారం నింపేవాళ్లు అర్ధరాత్రి హడావిడిలో ఉంటారు, పక్కన ఏడుస్తున్నవాళ్లని అడిగి పేరు రాసుకుంటారు. బాబాయి పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఉంది, ఆసుపత్రి కాగితంలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి, చివర్లో "రావు" వదిలేసి రాశారు. సర్టిఫికెట్ కూడా అలాగే వచ్చింది. దాన్ని సరిచేయించుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. మీరు మాత్రం ఆ ఫారం బయటికి వెళ్లకముందే ఆయన ఆధార్ కార్డు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి, భార్య పేరు, తండ్రి పేరు, చిరునామా కూడా. సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు తీసి ఉంచుకోండి, బ్యాంకుకి ఒకటి, గ్యాసుకి ఒకటి, పొలానికి ఒకటి, ఎలాగూ అడుగుతారు.

ఆంధ్రాలో స్పౌజ్ పింఛను

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఒక మంచి ఏర్పాటు ఉంది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, కొత్త పింఛన్ల మంజూరు కోసం ఎదురుచూడక్కర్లేకుండా ఆ స్థానంలో భార్యకి ఇస్తారు. దీన్నే సచివాలయాల్లో స్పౌజ్ పింఛను అంటున్నారు. 2024 నవంబరు 1 నుంచి జరిగిన మరణాలకి ఇది మొదలైంది, ఆ తర్వాత 2023 డిసెంబరు నుంచి 2024 అక్టోబరు ఆఖరు మధ్య భర్తని పోగొట్టుకున్నవాళ్లకి కూడా 2025 ఆగస్టు నుంచి ఇచ్చారు. మొత్తం అదే 4,000. భర్త డెత్ సర్టిఫికెట్, భార్య ఆధార్, రైస్ కార్డు పట్టుకుని మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని కలవండి. నెల మొదటి పదిహేను రోజుల్లోపే ఇచ్చేస్తే మంచిది, ఆఖరి వారంలో ఇచ్చి ఒకటో తారీఖుకి రావాలంటే కుదరదు.

దీనికి డబ్బేమీ కట్టక్కర్లేదు. "నేను చేయిస్తానమ్మా, ఓ రెండు వేలు చూసుకోండి" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఆ రెండు వేలు ఆవిడ పదిహేను రోజుల తిండి. ఇవ్వకండి.

చిక్కు వచ్చే చోటు ఇది. భార్యాభర్తలిద్దరూ ఒకే రైస్ కార్డులో, ప్రభుత్వ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఏ ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకున్న లెక్కలో) ఒకే ఇంటివాళ్లుగా, భార్యాభర్తలుగా కనబడాలి. కొన్ని ఇళ్లల్లో ఎప్పుడో ఏదో పథకం కోసం కార్డు విడగొట్టుకుని ఉంటారు, ఆయన ఒంటరిగా ఒక కార్డులో, ఆవిడ కొడుకు కార్డులో. అలా ఉంటే ఆవిడ పేరు ఆయన భార్యగా తెర మీద రాదు. ఇది చదువుతున్నవాళ్లలో అమ్మానాన్నలిద్దరూ బాగున్నవాళ్లుంటే ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ ఒక్కటీ చూసి రండి. అలా చూసుకోవడం అపశకునమేమీ కాదు.

ఆవిడకి ఇప్పటికే సొంతంగా పింఛను వస్తుంటే, అంటే వృద్ధాప్య పింఛనో దివ్యాంగ పింఛనో ఉంటే, భర్తది ఆగిపోతుంది, ఈవిడది కొనసాగుతుంది. ఒక మనిషికి రెండు రావు. వృద్ధాప్యమైనా వితంతువైనా అదే 4,000 కాబట్టి కేటగిరీ మార్చుకోవడానికి తిరగడం దండగ. దివ్యాంగ పింఛను 6,000 ఉన్నవాళ్లు దాన్ని అసలు కదిలించకండి.

భర్తకి పింఛను లేకపోతే ఈ దారి వర్తించదు, ఆవిడ వితంతు పింఛనుకో, 60 నిండితే వృద్ధాప్య పింఛనుకో (ఎస్టీలకి 50) కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్తవి తీసుకునేది ప్రభుత్వం అవకాశం తెరిచినప్పుడే కాబట్టి కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకుని సచివాలయంలో అడుగుతూ ఉండాలి. ఆయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైతే ఆవిడకి ఫ్యామిలీ పింఛను వస్తుంది, అది వచ్చే ఇంటికి ఈ పింఛను రాదు.

మా తమ్ముడు చెయ్యబోయిన పని

తమ్ముడు కాకినాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తాడు. లోను మీద కారు తీసుకున్నాడు, జీతంలో టాక్సు కట్ అవుతుంది. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉందన్న బాధ వాడిది. "అమ్మ పేరు మా ఇంటి మ్యాపింగ్‌లో చేర్పించేస్తా, ఆధార్ అడ్రసు కూడా మార్చేస్తా, రేపు ఆసుపత్రి అవసరమొస్తే అన్నీ ఒక్కచోటే ఉంటాయి" అన్నాడు. పిన్ని మాత్రం ఊరు వదిలి రానంది, ఇల్లుంది, రెండు గేదెలున్నాయి, పక్కనే చెల్లెలుంది. అంటే ఆవిడ ఉండేది ఊళ్లో, కాగితాల్లో మాత్రం కాకినాడలో. అలా చేస్తే ఏమవుతుందో వాడికి తెలియదు.

ఏమవుతుందంటే, ఆ రోజు నుంచి ఆవిడ అర్హత కొడుకు ఇంటి లెక్కతో తూస్తారు. ఆంధ్రాలో దీన్ని ఆరంచెల పరిశీలన అంటారు. ఇంట్లో ఎవరి పేరు మీదైనా సొంత నాలుగు చక్రాల బండి ఉందా (టాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు), ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నారా, ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ ఉన్నారా (పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు), మాగాణి 3 ఎకరాలో మెట్ట 10 ఎకరాలో దాటిందా, పట్నంలో 1,000 చదరపు అడుగులు దాటిన ఇల్లుందా, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటుతోందా. వీటికి తోడు ఇంటి ఆదాయం పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 మించకూడదు. కొడుకు ఇంట్లో వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అమ్మ పింఛను పోతుంది. ఆవిడ చేతిలో రూపాయి లేకపోయినా అంతే, కంప్యూటరుకి ఆవిడ కనబడదు, ఇల్లు కనబడుతుంది.

అందుకే నేను చెప్పేది: భర్త పోయిన వెంటనే అమ్మ కార్డునీ మ్యాపింగ్‌నీ ఆధార్ చిరునామానీ కదిలించకండి. ఆయన పేరు మాత్రం తీయించండి, ఆవిడ కార్డు ఆవిడ పేరున అక్కడే ఉండనివ్వండి. ముందు పింఛను ఆవిడ చేతికి రానివ్వండి. తర్వాత ఆవిడ ఎక్కడ ఉంటుందన్నది నింపాదిగా, ఆవిడనే అడిగి తేల్చుకోండి.

నేను అబద్ధం చెప్పమనడం లేదు. ఆవిడ నిజంగా కొడుకు దగ్గరికి వచ్చేసి అక్కడే కాపురముంటే, ఆ ఇంటి మనిషే అవుతుంది, అలాగే రాయించాలి, పింఛను పోతే పోతుందని తెలిసే ఆ నిర్ణయం తీసుకోవాలి. అప్పుడు ఆ 4,000 నెలనెలా మీరే ఆవిడ చేతిలో పెట్టండి. ఎందుకంటే ఆ డబ్బు ఆవిడకి ఒకర్ని అడగకుండా మందు బిళ్లలు కొనుక్కునే డబ్బు, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టే డబ్బు. కాగితం మీద మీ ఇంట్లో చేర్చి, మనిషిని ఊళ్లోనే ఉంచి, ఉన్నదీ పోగొట్టడం మాత్రం అన్యాయం.

కరెంటు మీటరు కూడా ఇలాంటిదే. బాబాయి పేరు మీద రెండు మీటర్లున్నాయి, ఒకటి ఇంటిది, ఒకటి రోడ్డు మీద కొట్టుది, కొట్టు అద్దెకిచ్చారు. రెండూ పిన్ని ఆధార్‌కి తగిలిస్తే కొట్టులో ఫ్రిజ్‌లు తాగే కరెంటు కూడా పిన్ని లెక్కలో పడుతుంది. పేరు మార్చేటప్పుడు ఏ మీటరు ఎవరు వాడుతున్నారో చూసి వాళ్ల ఆధార్‌కే ఇవ్వండి. ఇంతకుముందే తప్పు ఆధార్‌కి తగిలిన మీటరుంటే విద్యుత్ శాఖ ఆఫీసులో రాసిచ్చి విడదీయించుకోవచ్చు.

బియ్యం సంగతి

కార్డులో ఒక పేరు పోతే మనిషికి 5 కిలోల లెక్కన అంత బియ్యం తగ్గుతుంది, తెలంగాణలో 6 కిలోలు. కొంతమంది ఆ బియ్యం కోసం పేరు తీయించరు. వద్దు, పింఛను రికార్డులో చనిపోయినట్టు, కార్డులో బతికున్నట్టు ఉంటే రేపు ఆవిడ కార్డే ఆగుతుంది. దానికి బదులు అంత్యోదయ కార్డుకి అర్హత ఉందేమో అడగండి. అందులో మనుషులెందరున్నా కార్డుకి 35 కిలోలు, ఆధారం లేని వితంతువులూ 60 దాటిన ఒంటరివాళ్లూ ఆ పథకం ఉద్దేశించినవాళ్లలోనే ఉన్నారు. ఖాళీలు తక్కువే, అయినా అర్జీ పెట్టడంలో పోయేదేమీ లేదు.

అలాగే ఆయన పోయిన తర్వాత ఆయన ఖాతాలో పడిన పింఛను డబ్బుని ఏటీఎం కార్డుతో తీయకండి. చనిపోయిన మనిషికి వచ్చిన నెల డబ్బు వెనక్కి వెళ్లాల్సిందే. అంత్యక్రియల ఖర్చుకని తీసి, తర్వాత కట్టమని నోటీసు వస్తే ఆ టెన్షన్ ఎవరికి?

తెలంగాణలో ఉన్నవాళ్లకి

వృద్ధాప్య, వితంతు పింఛను 2,016, దివ్యాంగులకి 4,016. ఆదాయం పల్లెలో ఏడాదికి 1.5 లక్షలు, పట్నంలో 2 లక్షలు, భూమి మాగాణి 3 ఎకరాలు లేదా మెట్ట 7.5 ఎకరాలు దాటకూడదు. పింఛను తీసుకునే భర్త చనిపోతే ఆయన స్థానంలో భార్యకి ఇవ్వమని పల్లెలో పంచాయతీ కార్యదర్శి ద్వారా ఎంపీడీవోకి, పట్నంలో మున్సిపల్ ఆఫీసులో రాసివ్వాలి, కావలసిన కాగితాలు అవే. పల్లెల్లో ఎక్కువగా పోస్టాఫీసులోనే ఇస్తారు కాబట్టి అక్కడి మనిషికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. 200 యూనిట్లలోపు జీరో కరెంటు బిల్లు వస్తున్న ఇంట్లో మీటరు పేరు మార్చినా, కార్డు మారినా, ఆ రెండూ మళ్లీ జతయ్యాయో లేదో వచ్చే నెల బిల్లులో చూసుకోండి.

రెండు రాష్ట్రాల మధ్య తిరిగేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కేంద్రం ఇచ్చే వాటా చాలా చిన్నది, 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకి 200, 40 నుంచి 79 ఏళ్ల వితంతువులకి 300, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం సొంతంగా కలిపేదే, అందుకే ఒక రాష్ట్రం పింఛను ఇంకో రాష్ట్రానికి బదిలీ కాదు. ఆంధ్రాలో ఒక సచివాలయం నుంచి ఇంకో సచివాలయానికి మార్చుకోవచ్చు గానీ హైదరాబాద్‌కో బెంగళూరుకో మార్చలేరు.

దుఃఖంలో ఉన్న అమ్మని కూతురు తన దగ్గరికి తీసుకెళ్తుంది, హైదరాబాద్ కావచ్చు, అమెరికా కావచ్చు. తీసుకెళ్లండి, ఆ సమయంలో ఒంటరిగా వదలకూడదు. కానీ నెలలు లెక్కపెట్టుకోండి. ఆంధ్రాలో ఒకటి రెండు నెలలు తీసుకోకపోతే ఆ మొత్తం కలిపి తర్వాత ఇస్తారు, వరసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కేసి ఆపేస్తారు. కాబట్టి మూడో నెల ఒకటో తారీఖుకి ఆవిడ ఊళ్లో ఉండేలా టికెట్టు తీయండి.

భార్య పోయిన పెద్దాయన పరిస్థితి వేరు. వితంతు పింఛను ఆడవాళ్లకే, స్పౌజ్ పింఛను కూడా భార్యకే. పింఛను ఆవిడ పేరు మీద ఉండి ఆవిడ పోతే, ఆయన తన వయసు మీద వృద్ధాప్య పింఛనుకి విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. వంట రాని, బియ్యం ఎక్కడున్నాయో తెలియని మగవాళ్లు ఆ నెలల్లో నిజంగా పస్తులుంటారు. వాళ్ల గురించి కూడా ప్రభుత్వం ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

ఆయన 60 నిండకముందే పోతే ఇంకో రెండు చూడండి. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒక్కసారి 20,000 ఇస్తారు. తెలంగాణలో పట్టా ఉన్న రైతు అదే వయసులో పోతే రైతుబీమా 5 లక్షలు. పొలం ఉంటే పాసుపుస్తకం ఆవిడ పేరున మార్చాకే పీఎం కిసాన్ 6,000కి ఆవిడ నమోదు చేసుకోవచ్చు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన భూమికి ఆ డబ్బు ఇవ్వరన్న నిబంధన వారసత్వంగా వచ్చిన భూమికి వర్తించదు, కాబట్టి ఎవరైనా కుదరదంటే ఆ మాట చెప్పండి.

అన్నీ ఇచ్చినా రెండు నెలలు గడిచి డబ్బు రాకపోతే, నోటిమాటగా అడుగుతూ తిరగడం ఆపి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రాలో కూడా సోమవారమే తీసుకుంటారు. మేం పిన్ని చేత ఇప్పించిన అర్జీ అర పేజీ కూడా లేదు: భర్త పేరు, పింఛను ఐడీ, పోయిన తారీఖు, డెత్ సర్టిఫికెట్ నంబరు, సచివాలయంలో కాగితాలు ఇచ్చిన తారీఖు, "భర్త స్థానంలో నాకు పింఛను ఇప్పించగలరు" అన్న ఒక్క వాక్యం, కింద వేలిముద్ర. రసీదు తీసుకుని దాన్ని ఆధార్ వెనకాల ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. ఆ తర్వాతి నెల ఒకటిన ఆ అమ్మాయి వచ్చి పిన్ని పేరు పిలిచింది. పిడకలు చేసి అరిగిన వేలు మెషీన్‌లో మూడుసార్లు పడలేదు, నాలుగోసారి తడిబట్టతో తుడిచి పెడితే పడింది.